రాత్రి ఎనిమిదికి నిండిపోయే పోర్టు: ఒక నెట్ కంపెనీ మా వెబ్‌సైట్‌ని రుసుము అడిగిన కేసు

మాది వీడియో పాఠాల వెబ్‌సైట్. పరీక్షలకు చదువుకునేవాళ్లు, పగలు ఉద్యోగం చేసి రాత్రి కొత్త పని నేర్చుకునేవాళ్లు ఎక్కువగా వస్తారు. ఇక్కడ నెట్‌వర్క్ పని చూసేది ముగ్గురం. ఒక పెద్ద ఇంటర్నెట్ కంపెనీ, తన కస్టమర్లకు మా వీడియోలు ఆగకుండా చేరాలంటే మేం విడిగా డబ్బు కట్టాలని అడిగింది. మొదటి ఫిర్యాదు నుంచి చివరి నిర్ణయం దాకా దాదాపు పది నెలలు పట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆ కంపెనీ పేరు రాయను, 'ఆ కంపెనీ' అనే అంటాను. అందులో మొదటి నాలుగు నెలలు మేం చీకట్లో తడుముకున్నాం. ఇదే చిక్కులో పడిన మరో చిన్న సైట్ ఇంజినీరుకి ఆ నాలుగు నెలలు మిగిలితే చాలని ఇది రాస్తున్నాను.

ఫిర్యాదులు ఎక్కడ మొదలయ్యాయి

మొదట వచ్చినవి మామూలు ఫిర్యాదులే. వీడియో తిరుగుతూనే ఉంది, బొమ్మ మసకగా వస్తోంది, పాఠం మధ్యలో ఆగిపోయింది. సపోర్ట్ వాళ్లు రౌటర్ ఆపి మళ్లీ వేయమని చెబుతూ వచ్చారు. మేం మా సర్వర్లనే అనుమానించాం. డిస్కులు చూశాం, ప్లేయర్ పాత వెర్షన్‌కి మార్చి చూశాం, లోడ్ బ్యాలెన్సర్ సెట్టింగులు రెండుసార్లు తిరగరాశాం. మూడు వారాలు దీనికే పోయాయి.

దారి చూపించింది సపోర్ట్‌లో పనిచేసే ఒకమ్మాయి. ఫిర్యాదుల షీట్‌లో 'మీ ఇంటర్నెట్ ఏ కంపెనీది' అని ఒక కాలమ్ కలిపింది. వారం తిరిగేసరికి పది ఫిర్యాదుల్లో తొమ్మిది ఒకే కంపెనీ కస్టమర్లవని తేలింది. వేళ కూడా ఒకటే, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు. పగలు వాళ్లకి అంతా బాగానే నడుస్తోంది.

అదే వారం ఒక విద్యార్థి రాసిన మెయిల్‌లో ఇంకో ముక్క దొరికింది. వీపీఎన్ ఆన్ చేస్తే మీ వీడియో చక్కగా వస్తోందండీ, ఆఫ్ చేస్తే ఆగిపోతోంది అని. వీపీఎన్ వేస్తే డేటా చుట్టుదారిలో వస్తుంది, నిజానికి ఇంకా నెమ్మదించాలి. చుట్టుదారి వేగంగా ఉండి తిన్నని దారి నెమ్మదిగా ఉందంటే, అతని ఇంటి కనెక్షన్‌లోనూ మా సర్వర్‌లోనూ తప్పు లేదు, మధ్యలో ఎక్కడో దారి ఇరుకుగా ఉంది. 2014లో అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ చూసేవాళ్లలో కొందరు తమ వీడియో ఎక్కడ ఆగుతోందో ఈ పద్ధతిలోనే కనిపెట్టారు. మాకు అది ఆ మెయిల్ వచ్చేదాకా తట్టలేదు.

కొలిచిన తీరు

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొలత సరిగా లేకపోతే తర్వాత ఎవరితోనూ మాట్లాడలేం.

ఆ కంపెనీ కనెక్షన్ ఉన్న ఇరవై మంది యూజర్లని అడిగి, రాత్రీ పగలూ ట్రేస్‌రూట్ (డేటా ఏ రౌటర్ల గుండా వెళ్తోందో చూపే పరీక్ష) తీయించాం. మొదటి ఫలితాలు మమ్మల్ని తప్పుదారి పట్టించాయి. యూజర్ ఇంటి నుంచి తీసిన ట్రేస్‌రూట్ ఇంటి నుంచి మా వైపు వచ్చే దారిని చూపిస్తుంది. వీడియో వెళ్లేది దానికి ఎదురు దిక్కున, మా నుంచి ఇంటికి. ఇంటర్నెట్‌లో పోయే దారీ వచ్చే దారీ ఒకటే కానక్కర్లేదు, చాలాసార్లు కావు కూడా. కాబట్టి మా సర్వర్ నుంచి యూజర్ వైపు కూడా తీయాలి. రెండోది, మధ్యలో ఒక రౌటర్ దగ్గర ముప్పై శాతం ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోయినట్టు కనిపించి, దాని తర్వాతి రౌటర్లన్నీ సున్నా నష్టం చూపిస్తే, అక్కడ నిజంగా నష్టం లేదు. ఆ రౌటర్ పరీక్ష ప్యాకెట్లకి జవాబివ్వడం తగ్గించుకుందంతే. ఒక చోట మొదలైన నష్టం చివరిదాకా కొనసాగితేనే దాన్ని నష్టంగా లెక్కపెట్టాలి.

రెండు దిక్కులా, పది నిమిషాలకోసారి, మూడు వారాలు కొలిచాం. చిత్రం స్పష్టంగా వచ్చింది. మాకు ట్రాన్సిట్, అంటే మిగతా ఇంటర్నెట్ అంతటికీ చేర్చే దారి, అమ్మే కంపెనీ నెట్‌వర్క్ ముగిసి ఆ కంపెనీ నెట్‌వర్క్ మొదలయ్యే చోట, రాత్రి ఎనిమిది కాగానే ప్యాకెట్ వెళ్లి వచ్చే సమయం పెరగడం మొదలవుతుంది. కొద్ది నిమిషాల్లో ప్యాకెట్లు రాలడం మొదలవుతుంది. తొమ్మిదిన్నరకి నష్టం రెండు శాతం దాటుతుంది. పదకొండు తర్వాత మళ్లీ ఏమీ జరగనట్టు సర్దుకుంటుంది.

రెండు శాతమేగా అనిపిస్తుంది. నష్టాన్ని చూసి వేగం తగ్గించుకునే పాత రకం టీసీపీకి (ఇంటర్నెట్‌లో డేటా పంపే పద్ధతికి) 1997 నుంచి వాడుకలో ఉన్న ఒక లెక్క ఉంది: వేగం నష్టానికి వర్గమూలంతో విలోమంగా మారుతుంది. నష్టం వంద రెట్లు పెరిగితే వేగం పదో వంతుకి పడిపోతుంది. పదివేలలో ఒక ప్యాకెట్ పోయే దారి, వందలో ఒకటి పోయే దారిగా మారితే జరిగేది అదే. దానికి తోడు వెళ్లి వచ్చే సమయం రెట్టింపైతే ఉన్న వేగం మళ్లీ సగం అవుతుంది. అందుకే వందలో రెండు ప్యాకెట్లు రాలినందుకే వీడియో తిరుగుతూ కూర్చుంది.

ట్రాన్సిట్ కంపెనీని అడిగితే వాళ్ల ఇంజినీరు తమ పోర్టు, అంటే రెండు నెట్‌వర్క్‌ల తీగ కలిసే చోటు, గ్రాఫ్ మాతో పంచుకున్నాడు. మామూలుగా ట్రాఫిక్ గ్రాఫ్ కొండలా ఉంటుంది, పొద్దెక్కుతుంటే పెరిగి, రాత్రికి శిఖరం చేరి, దిగుతుంది. ఈ గ్రాఫ్‌లో శిఖరం లేదు. ఎనిమిదికి పైకి చేరిన గీత పదకొండు దాకా బల్లపరుపుగా ఉంది. పోర్టు సామర్థ్యం దగ్గర ఆగిపోయిన గీత అది. పైన ఎంత ట్రాఫిక్ ఎదురుచూస్తోందో గ్రాఫ్ చెప్పదు, ఎందుకంటే అది లోపలికి వెళ్లలేదు.

"పోర్టు పెంచమని ఏడాదిగా అడుగుతున్నామండీ, వాళ్లు ఒప్పుకోవడం లేదు" అన్నాడు ఆయన.

ఈ కేసులో అసలు విషయం ఆ మాటలోనే ఉంది. మా వీడియోలని ఎవరూ గుర్తుపట్టి నెమ్మదింపజేయలేదు. ఎక్కడా ఒక స్విచ్ నొక్కలేదు. పెరగాల్సిన పోర్టుని పెరగనివ్వలేదు, అంతే. బయటినుంచి చూసేవాళ్లకి ఇది రద్దీలా కనిపిస్తుంది. ఫిర్యాదు చేయాలంటే ఏ చర్య మీద చేయాలో తెలియదు, చర్య ఏదీ లేదు కాబట్టి.

అడిగిన మొత్తం

ఆ కంపెనీ నెట్‌వర్క్ ఇంజినీర్లతో మాట్లాడాలని రాశాం. వాళ్ల నెట్‌వర్క్‌కీ మా నెట్‌వర్క్‌కీ నేరుగా తీగ కలుపుదాం, మీరు చెప్పిన నాలుగైదు ఊళ్లలో మా ట్రాఫిక్ మేమే తెచ్చి ఇస్తాం అన్నాం. దీన్నే పీరింగ్ అంటారు. రెండు నెట్‌వర్క్‌లు తమ తమ కస్టమర్ల ట్రాఫిక్‌ని ఒకదానికొకటి ఇచ్చుకోవడం, మామూలుగా ఎవరూ ఎవరికీ ఏమీ కట్టకుండా. జవాబు ఇంజినీర్ల నుంచి రాలేదు, అమ్మకాల విభాగం నుంచి వచ్చింది. నేరుగా కలుపుతాం, కానీ నెలనెలా రుసుము ఉంటుంది అన్నారు. సెకనుకి వెళ్లే మెగాబిట్ లెక్కన, మేం ట్రాన్సిట్‌కి కడుతున్న రేటుకి దాదాపు ఎనిమిది రెట్లు.

మా యాజమాన్యానికి ఇది వివరించడానికి నాకు ఒక పూట పట్టింది, కాబట్టి ఇక్కడా వివరిస్తాను. ట్రాన్సిట్ కొంటే మా డేటా ప్రపంచంలో ఉన్న ప్రతి నెట్‌వర్క్‌కీ చేరుతుంది. ఆ కంపెనీ అమ్ముతున్నది తన కస్టమర్ల దాకా మాత్రమే చేర్చే దారి. ప్రపంచమంతటికీ వెళ్లే దారి కన్నా ఒక్క వీధికి వెళ్లే దారి ఎనిమిది రెట్లు ఖరీదు. మోసే ఖర్చుతో ఈ తేడాని ఎలా చూసినా సమర్థించలేం. ఆ ధర ఒక్క కారణంతోనే నిలబడుతుంది. ఆ ఇంటికి వెళ్లడానికి వేరే తలుపు లేదు. ఒక కుటుంబం ఒక కనెక్షన్ తీసుకున్నాక, ఆ ఇంట్లోకి ఏ సైట్ వెళ్లాలన్నా ఆ కంపెనీ గుండానే వెళ్లాలి. ఆ విద్యార్థి తన నెల బిల్లు కట్టింది మాలాంటి సైట్లు చూడటానికే. అదే దారికి మా దగ్గర రెండోసారి వసూలు చేయాలన్నది ఆ ప్రతిపాదన.

బిల్లు వేసే పద్ధతిలో ఇంకో చిక్కుంది. ఈ రంగంలో అందరూ వాడే లెక్క 95వ పర్సెంటైల్. ఐదు నిమిషాలకోసారి ట్రాఫిక్ కొలుస్తారు. ముప్పై రోజుల నెలలో 8,640 కొలతలు వస్తాయి. అన్నిటికన్నా ఎక్కువున్న 5 శాతం, అంటే 432 కొలతలు, వదిలేస్తారు. గంటల్లో చెప్పుకుంటే 36. మిగిలినవాటిలో పెద్దది ఏదైతే దాని మీద నెలంతటికీ బిల్లు. ఎప్పుడో ఒకరోజు ఎగిసిపడే సైట్‌కి ఇది మేలు. మాకు రోజూ మూడు గంటల రద్దీ, నెలకి 90 గంటలు. 36 గంటలు వదిలేసినా మా శిఖరం శిఖరంగానే మిగులుతుంది. పగలంతా పోర్టు సగం ఖాళీగా ఉన్నా, రాత్రి ఎత్తు మీదే నెలంతా డబ్బు కట్టాలి. రుసుము గురించి చర్చకి వెళ్లే ఎవరైనా ముందు తమ గ్రాఫ్ మీద ఈ లెక్క వేసుకుని వెళ్లాలి. రేటు ఒక్కటే చూసుకుని వెళితే బిల్లు వచ్చాక అదిరిపోతారు.

ఇది మాకే కొత్తగా వచ్చింది కాదు

నేను చదివిన పాత సంగతుల్లో మాకు బాగా పనికొచ్చినవి కొన్ని చెప్తాను.

2010 నవంబరులో అమెరికాలో లెవెల్ 3 అనే ట్రాన్సిట్ కంపెనీ, కామ్‌కాస్ట్ అనే పెద్ద నెట్ కంపెనీ తనని కొత్తగా రుసుము అడిగిందని బయటపెట్టింది. అప్పుడే లెవెల్ 3 నెట్‌ఫ్లిక్స్ వీడియోలు మోసే పని తీసుకుంది. 2013 చివరికి కామ్‌కాస్ట్ ఇళ్లలో నెట్‌ఫ్లిక్స్ వేగం పడిపోవడం మొదలైంది. ఆ అక్టోబరు నుంచి 2014 జనవరికి సగటున నాలుగో వంతుకు పైగా తగ్గింది. ఫిబ్రవరిలో రెండు కంపెనీలూ ఒప్పందం చేసుకున్నాయి, నెట్‌ఫ్లిక్స్ డబ్బు కట్టింది. మార్చి లెక్కలకే వేగం జనవరి మీద అరవై శాతానికి పైగా పెరిగింది. కొన్ని వారాల్లో అంత తేడా వచ్చిందంటే, ఆ పనికి పెద్ద నిర్మాణం ఏమీ అవసరం పడలేదని అర్థం. పోర్టులు కలిపారు. ఆ ఏడాదే వెరైజన్, ఏటీ అండ్ టీ, టైమ్ వార్నర్ కేబుల్ అనే నెట్ కంపెనీలతో కూడా నెట్‌ఫ్లిక్స్ ఒప్పందాలు చేసుకుంది.

నెట్‌ఫ్లిక్స్‌కి డబ్బుంది కాబట్టి కట్టింది. కట్టలేని సైట్ల సంగతి ఎక్కడా వార్తల్లో రాదు.

దక్షిణ కొరియా కథ ఇంకా దగ్గరగా చూడాలి. 2016లో అక్కడి ప్రభుత్వం పెద్ద నెట్ కంపెనీలు ట్రాఫిక్ పంపిన మేరకు ఒకదానికొకటి డబ్బు కట్టుకోవాలని నియమం తెచ్చింది. ట్రాఫిక్ పంపేవాడే కట్టాలన్నప్పుడు, ఎక్కువమంది చూసే సైట్‌కి చోటిచ్చిన కంపెనీకే నష్టం వస్తుంది. ఆ భారం సైట్ల మీదకి జరిగింది. అక్కడి నెట్ కంపెనీ ఎస్‌కే బ్రాడ్‌బ్యాండ్‌కీ నెట్‌ఫ్లిక్స్‌కీ మధ్య గొడవ 2020లో కోర్టుకెళ్లింది, 2021 జూన్‌లో కింది కోర్టులో నెట్‌ఫ్లిక్స్ ఓడింది, 2023 సెప్టెంబరులో రాజీ పడ్డారు. ఆటల ప్రసారాలు నడిపే ట్విచ్ 2022లో కొరియాలో వీడియో నాణ్యతని 720p స్థాయికి తగ్గించింది, 2024 ఫిబ్రవరిలో దేశం నుంచే వెళ్లిపోయింది. చాలా దేశాలకన్నా అక్కడ నెట్‌వర్క్ ఖర్చు పది రెట్లుందని దాని అధిపతి డాన్ క్లాన్సీ ప్రకటించారు. వెళ్లిపోయింది అమెజాన్ చేతిలో ఉన్న సంస్థ. అంత పెద్దదే నిలబడలేని చోట మా అంత సైట్ ఎన్నాళ్లు నిలబడుతుందని మా మీటింగ్‌లో అడిగాను.

జర్మనీలో నెట్ కంపెనీ డాయిష్ టెలికామ్‌కి, దాని నేరు కనెక్షన్ వాడుకున్నందుకు, ఫేస్‌బుక్ యజమాని మెటా సుమారు 2 కోట్ల యూరోలు కట్టాలని 2024 మేలో కొలోన్ కోర్టు చెప్పింది. మెటా ఆ సెప్టెంబరులో నేరు కనెక్షన్ తెంచుకుని, మూడో కంపెనీ ట్రాన్సిట్ గుండా ట్రాఫిక్ మళ్లించింది. యూజర్ దగ్గరకి వెళ్లే దారి పొడవైంది. ఎవరిది తప్పైనా సరే, పొడవైన దారిలో కూర్చున్నది యూజరు.

ఇవన్నీ చదివాక, మాకు అండగా నిలిచే నియమం ఏదైనా ఉందా అని లాయర్‌ని అడిగాం. వచ్చిన జవాబు నిరాశగానే ఉంది. నెట్ న్యూట్రాలిటీ నియమాలు చాలా చోట్ల నెట్ కంపెనీ లోపల జరిగేవాటి గురించి మాట్లాడతాయి: సైట్లని అడ్డుకోవద్దు, నెమ్మదింపజేయొద్దు, డబ్బు తీసుకుని ఒకరిని ముందు పంపొద్దు. భారతదేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న తెచ్చిన నియమం కూడా సైట్‌ని బట్టి కస్టమర్‌కి వేరు ధర వేయొద్దన్నది. రెండు నెట్‌వర్క్‌లు కలిసే సరిహద్దు దగ్గరి పోర్టు వీటికి సూటిగా అందదు. అమెరికాలో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015లో ఇచ్చిన ఆదేశం ఆ సరిహద్దుని కేసు వారీగా చూస్తామంది, గట్టి నిషేధం పెట్టలేదు. ఆ ఆదేశాన్ని 2017లో రద్దు చేశారు, 2024లో మళ్లీ తెచ్చారు, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. మా కంపెనీ పరిమాణంలో ఉన్నవాళ్లు దీన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోలేరు.

వాళ్ల వాదనలో నిజమెంత

ఆ కంపెనీతో మూడుసార్లు కూర్చున్నాం. వాళ్ల మనిషి మర్యాదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచలేదు. "సార్, మీరు మాకు పంపేది ఎక్కువ, మా నుంచి తీసుకునేది తక్కువ. లెక్క సరిపోవడం లేదు కదా. మీ వంతు మీరివ్వాలి" అన్నాడు.

లెక్క సరిపోని మాట నిజమే. ఒక యూజర్ క్లిక్ చేసినప్పుడు అటునుంచి వచ్చేది చిన్న అభ్యర్థన, ఇటునుంచి వెళ్లేది గంట వీడియో. కానీ మేం ఎవరి ఇంటికీ వాళ్లు అడగకుండా ఏదీ పంపలేదు. పైగా ఆ కంపెనీ అమ్మే కనెక్షన్లే అలాంటివి, డౌన్‌లోడ్ వేగంలో అప్‌లోడ్ వేగం పదో వంతు. తీసుకునేలా మాత్రమే కనెక్షన్ తయారుచేసి అమ్మి, తీసుకుంటున్నది ఎక్కువైందని ఇచ్చేవాడి మీద బిల్లు వేయడం నాకు ఏ రకంగానూ న్యాయమనిపించలేదు.

వాళ్లు చెప్పినదాంట్లో నేను ఒప్పుకున్నవీ ఉన్నాయి. మొబైల్ నెట్‌వర్క్‌లో టవర్ సామర్థ్యం అందరూ పంచుకునేది, అక్కడ ట్రాఫిక్ పెరిగితే ఖర్చు నిజంగా పెరుగుతుంది. అలాగే ఒక సైట్ తన ట్రాఫిక్‌ని దూరాన ఒకే చోట దించేసి, అక్కణ్నుంచి వందల కిలోమీటర్లు మోసే పని నెట్ కంపెనీ మీద వేస్తే, అది కూడా సరికాదు. అందుకే మేం నాలుగైదు ఊళ్లలో తెచ్చిస్తామన్నాం. వాళ్ల భవనంలోనే మా ఖర్చుతో ఒక క్యాష్ పెట్టె (వీడియోల నకళ్లు దాచే సర్వర్) పెడతామన్నాం. ఎక్కువమంది చూసే పాఠాలు అందులోనే ఉంటాయి, ఆ సరిహద్దు దాటే ట్రాఫిక్ చాలా తగ్గిపోతుంది. వాళ్ల ఖర్చు తగ్గించడమే సమస్య అయ్యుంటే అక్కడితో తీరిపోవాలి. పెట్టెకి కూడా అదే రుసుము అన్నారు. మాట్లాడుతున్నది ఖర్చు గురించి కాదని నాకు ఆ రోజు పూర్తిగా అర్థమైంది.

యూరప్ టెలికాం నియంత్రణ సంస్థల ఉమ్మడి వేదిక బెరెక్ 2022 అక్టోబరులో ఈ వాదనని పరిశీలించి, ఇలాంటి చెల్లింపుల అవసరం ఉందనడానికి ఆధారం కనిపించలేదని చెప్పింది. ట్రాఫిక్‌ని అడిగి తెప్పించుకుంటున్నది నెట్ కంపెనీల కస్టమర్లేననీ, పెరిగిన ట్రాఫిక్‌కి సరిపడా సామర్థ్యం పెంచే ఖర్చు మొత్తం నెట్‌వర్క్ ఖర్చులో చాలా తక్కువనీ అందులో ఉంది. ఆ నోట్ ప్రింట్ తీసి మూడో మీటింగ్‌కి పట్టుకెళ్లాను. వాళ్లు చదివారు, రేటు మారలేదు.

ఇదే సమయంలో పదకొండు చిన్న నెట్ కంపెనీలతో ఎక్స్ఛేంజీల్లో, అంటే చాలా నెట్‌వర్క్‌లు ఒకచోట కలుసుకునే చోట్లలో, పీరింగ్ మొదలుపెట్టాం. ఒక్కోదానికి రెండు మూడు మెయిళ్లు, కొన్ని రోజుల పని. కాగితం మీద ఒప్పందం ఏదీ లేదు. ప్యాకెట్ క్లియరింగ్ హౌస్ అనే సంస్థ 2011లో లక్షా 42 వేలకు పైగా పీరింగ్ సంబంధాలని పరిశీలిస్తే, 99.5 శాతం ఇలా నోటిమాట మీదే నడుస్తున్నాయని తేలింది. ఇంటర్నెట్ పెరిగింది ఆ నమ్మకం మీద. రుసుము అడగగలిగేది తగినంతమంది కస్టమర్లని గుప్పిట్లో పెట్టుకున్న కంపెనీయే. చిన్న కంపెనీ అడిగితే దాని కస్టమర్లే పక్కదానికి వెళ్లిపోతారు.

మేం చేసినవి

ముందు దారి మార్చాం. మాకు రెండో ట్రాన్సిట్ కంపెనీ ఉంది. బీజీపీలో (నెట్‌వర్క్‌లు డేటా దారులు ఎంచుకునే పద్ధతిలో), రుసుము అడిగిన ఆ కంపెనీకి వెళ్లే ట్రాఫిక్‌ని ఈ రెండో దారికి మళ్లించాం. పన్నెండు రోజులు అంతా బాగుంది. పదమూడో రాత్రి అక్కడి పోర్టు కూడా నిండింది, మా ట్రాఫిక్ కలిసినందువల్లే. ఒక గండి పూడిస్తే ఇంకోచోట తెగింది. పైగా ఆ దారిలో వెళ్లే ఇతర సైట్ల వాళ్లకి మావల్ల ఇబ్బంది కలిగింది. రెండు రోజుల్లో సగం వెనక్కి తెచ్చాం.

తర్వాత సర్వర్లలో బీబీఆర్ పెట్టి చూశాం. గూగుల్ 2016లో బయటపెట్టిన రద్దీ నియంత్రణ పద్ధతి అది, కొద్దిపాటి నష్టానికి బెదిరి వేగం తగ్గించుకోదు. మా వీడియోలు బాగుపడ్డాయి. కానీ నిండిన పోర్టులో మేం ఎక్కువ తీసుకుంటే మిగతావాళ్లకి తక్కువ మిగులుతుంది. ఇరుకు దారిలో మోచేతులతో తోసుకెళ్లినట్టే. మా ముగ్గురిలో దీని మీద గట్టి వాదన జరిగింది. ఆ ఒక్క దారికి దాన్ని వాడొద్దని నేను పట్టుబట్టాను, చివరికి తీసేశాం.

మూడోది మాకు నిజంగా మేలు చేసింది. పాఠాల వీడియోల్లో ఎక్కువ భాగం స్లయిడ్లు, బోర్డు, మాట్లాడే మనిషి. సినిమాకి కావాల్సినన్ని బిట్లు వీటికి అక్కర్లేదు. ప్రతి పాఠానికీ విడిగా కొలిచి, అక్షరాలు స్పష్టంగా కనిపించే కనీస బిట్‌రేట్‌కి (సెకనుకి పట్టే డేటాకి) మళ్లీ ఎన్‌కోడ్ చేశాం. మొత్తం ట్రాఫిక్ మూడో వంతు తగ్గింది. ఈ పని ఎప్పుడో చేయాల్సింది. యాప్‌లో 'పొద్దున్నకి డౌన్‌లోడ్' అని ఒక బటన్ కూడా పెట్టాం. రాత్రి పాఠం ఎంచుకుని పడుకుంటే, తెల్లవారుజామున పోర్టు ఖాళీగా ఉన్నప్పుడు దిగుతుంది. పరీక్షలకు చదివేవాళ్లు దీన్ని మేం అనుకున్నదానికన్నా బాగా వాడుకున్నారు. అయినా రాత్రి కాసేపు దొరికినప్పుడు కూర్చుని ఇప్పటికిప్పుడు చూడాలనుకునేవాళ్లకి ఇది జవాబు కాదు. ఉద్యోగం చేసి వచ్చినవాళ్ల కోసం సైట్ పెట్టి, వాళ్లకి వీలైన గంటల్లోనే రావద్దని చెప్పినట్టయింది. నాకు అది మింగుడుపడలేదు.

యూజర్లకి చెప్పాలా వద్దా అన్నదాని మీద చాలా టెన్షన్ పడ్డాం. 2014 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ తన తెర మీద వెరైజన్ నెట్‌వర్క్ రద్దీగా ఉందని రాస్తే, వెరైజన్ లీగల్ నోటీసు పంపింది, నెట్‌ఫ్లిక్స్ ఆ సందేశం ఆపేసింది. మేం ఎవరి పేరూ లేకుండా, వీడియో ఆగినప్పుడు ఒక వాక్యం చూపించాం: మీ నెట్‌వర్క్‌కీ మాకూ మధ్య దారి ఈ సమయంలో రద్దీగా ఉంది, కొలతలు ఇక్కడ చూడండి. కింద ఆ యూజర్ వైపు వెళ్లే దారి గ్రాఫ్ పెట్టాం. మాటలు తక్కువ, కొలతలు ఎక్కువ. నోటీసు రాలేదు. రౌటర్ ఆపి వేయమనే జవాబులు సపోర్ట్‌లో పూర్తిగా ఆగిపోయాయి. దానికే ఎంతో ఊరట అనిపించింది, అన్నాళ్లూ మేం ఆ పిల్లలకి తప్పు సలహా ఇస్తూ వచ్చాం.

నిర్ణయం

రుసుము కట్టలేదు. కట్టి ఉంటే మిగతా పెద్ద కంపెనీలు కూడా అదే అడుగుతాయని మా లెక్క. కానీ సమస్యని మేం తీర్చిన పద్ధతి చూసి గెలిచామని చెప్పుకోలేను. ఆ కంపెనీ వైపు వెళ్లే రాత్రి ట్రాఫిక్‌ని ఒక పెద్ద సీడీఎన్‌కి, అంటే ఇతర సైట్ల డేటాని యూజర్ల దగ్గర్లో ఉంచి అందించే సంస్థకి, అప్పగించాం. దానికి ఆ కంపెనీతో నేరు పోర్టులున్నాయి. మొదటి రాత్రే నష్టం సున్నాకి వచ్చింది. ఆ సీడీఎన్ ఆ పోర్టులకి డబ్బు కడుతోందో లేదో మాకు చెప్పదు. మా దగ్గర తీసుకునే రేటు ట్రాన్సిట్ కన్నా రెండున్నర రెట్లుంది. అందులో కొంత ఆ కంపెనీకే చేరుతుంటే, మేం కట్టనన్న రుసుము వేరే చేతి మీదుగా కడుతున్నట్టే. మా పుస్తకాల్లో అది 'సీడీఎన్ ఖర్చు' అని ఉంటుంది. రుసుము అన్న పేరుతో ఎక్కడా కనిపించదు కాబట్టి, దాని గురించి ఎవరూ ఏ నియంత్రణ సంస్థకీ చెప్పుకోలేరు. ఈ పది నెలల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది ఇదే. చిన్న సైట్లు ఒక్కొక్కటే తన ట్రాఫిక్‌ని పెద్దవాళ్ల చేతిలో పెడుతూ పోతే, సొంతంగా నెట్‌వర్క్ నడుపుకునే సైట్లు క్రమంగా మిగలవు.

ఆ ఖర్చు పూడ్చడానికి మేం కొత్త పాఠాల తయారీకి పెట్టుకున్న డబ్బులో కొంత తీశాం. ఈ ఏడాది రావాల్సిన రెండు కోర్సులు వచ్చే ఏడాదికి జరిగాయి.

మళ్లీ ఇదే ఎదురైతే నేను మొదటి రోజే రెండు పనులు చేస్తాను. ఫిర్యాదులో నెట్ కంపెనీ పేరూ సమయమూ రాయిస్తాను. రెండు దిక్కులా కొలతలు అప్పుడే మొదలుపెట్టి, తేదీలతో సహా దాస్తాను. మేం ఫిర్యాదులు మొదలవక ముందటి కొలతలు చూపించలేకపోయాం. పోర్టు ఎప్పటి నుంచి నిండుతోందని అడిగితే మా దగ్గర జవాబు లేదు, ట్రాన్సిట్ కంపెనీ మాట తప్ప. ఇప్పుడు ప్రతి పెద్ద నెట్‌వర్క్ వైపూ పది నిమిషాలకోసారి కొలిచి, ఆ గ్రాఫులన్నీ అందరూ చూసేలా పెట్టాం. మరో మూడు సైట్ల వాళ్లు తమ కొలతలు కూడా కలిపారు. ఇంకొందరు కలిస్తే నియంత్రణ సంస్థకి ఉమ్మడిగా ఇవ్వాలని అనుకుంటున్నాం.

ప్రతి సోమవారం రాత్రి ఆ కంపెనీ వైపు వెళ్లే ట్రాఫిక్‌లో ఒక చిన్న భాగాన్ని పాత ట్రాన్సిట్ దారికి పంపి చూస్తాం, పోర్టు పెంచారేమో తెలుసుకోవడానికి. మొన్న సోమవారం కూడా ఎనిమిది గంటల పది నిమిషాలకి నష్టం మొదలైంది. పదకొండు దాకా అలాగే ఉంది.